రౌటర్లకు, స్విచ్‌లకు వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్: ఎవరికి ఏది పనికొస్తుంది

మైక్రోసాఫ్ట్ ఉచిత ఎడిటర్ వీఎస్ కోడ్ మార్కెట్‌ప్లేస్‌లో సిస్కో అనో మైక్రోటిక్ అనో రౌటర్ కంపెనీ పేరు కొట్టి వెతికితే పేజీ నిండా ఎక్స్‌టెన్షన్లు వస్తాయి. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, చేసే పనులు మాత్రం వేరు. ఒకటి కాన్ఫిగ్ ఫైలుకు, అంటే పరికరం సెట్టింగుల ఫైలుకు, రంగులు వేసి ఊరుకుంటుంది. ఇంకొకటి స్విచ్‌లోకి లాగిన్ అయి, మీరు సెలెక్ట్ చేసిన లైన్లను నేరుగా అందులోకి పంపేస్తుంది. ఈ తేడా చూసుకోకుండా ఇన్‌స్టాల్ నొక్కేవాళ్లు నెల్లూరులోనూ ఉన్నారు, ఒంగోలులోనూ ఉన్నారు. కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ అడ్మిన్లు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో వేబ్రిడ్జి కంప్యూటర్ నుంచి సీసీ కెమెరాల దాకా ఒక్కరే చూసుకునే ఐటీ వాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఏది బెస్ట్?"

దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. మార్పు పంపిన మరుక్షణం లైన్ తెగిపోతే ఆ పరికరం దగ్గరికి ఎవరు వెళ్లాలి? ఎంతసేపట్లో వెళ్లగలరు? మాగుంట లేఅవుట్‌లో ఆఫీసు, అదే బిల్డింగులో స్విచ్ అయితే మెట్లు దిగితే చాలు. చీమకుర్తి క్వారీలో టవర్ మీద ఉన్న రేడియో అయితే ఒంగోలు నుంచి బండి తియ్యాలి. నవంబరు వానల్లో అల్లూరు వైపు ఓఎల్‌టీ (ఇళ్లకు ఫైబర్ లైన్లు పంచే పరికరం) అయితే ఇక చెప్పేదేముంది. ఈ దూరాన్ని బట్టే ఎంపిక మారుతుంది. కాన్ఫిగ్ రాసుకోవడం, పాతదానితో పోల్చుకోవడం ఎడిటర్ బాగా చేసే పని. పరికరంలోకి పంపడం వేరే పని. ఆ రెంటినీ ఒకే బటన్ కింద పెట్టే ఎక్స్‌టెన్షన్ల వైపు నేను మొగ్గను. ఎందుకో చెప్తాను.

రంగులు వేసేవి

వీటితో ప్రమాదం దాదాపు లేదు, ఎందుకంటే ఇవి నెట్‌వర్క్ జోలికి వెళ్లనక్కర్లేదు. సిస్కో ఐఓఎస్, జూనిపర్ జూనోస్, మైక్రోటిక్ రౌటర్ ఓఎస్, ఒక్కోదానికి ఒకటికంటే ఎక్కువే దొరుకుతాయి. ఇంటర్‌ఫేస్ పేర్లు ఒక రంగులో, ఐపీ అడ్రస్‌లు ఒక రంగులో కనిపిస్తాయి, ఒక్కో ఇంటర్‌ఫేస్ భాగాన్ని మడిచి దాచుకోవచ్చు. వెయ్యి లైన్ల కాన్ఫిగ్‌ను నోట్‌ప్యాడ్‌లో చదివినవాళ్లకు ఇదే పెద్ద సుఖం. దీనికి తోడు వీఎస్ కోడ్‌లో మొదటినుంచీ ఉన్న సౌకర్యాలు కలుస్తాయి: రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి తేడా చూపించడం, 24 పోర్టుల డిస్క్రిప్షన్లను ఒకేసారి దిద్దడానికి మల్టీ కర్సర్. వీటికి ఏ ఎక్స్‌టెన్షనూ అక్కర్లేదు, చాలామంది వాడరంతే.

అయితే రంగుకు అర్థం తెలియదు. వీలాన్లంటే ఒకే తీగ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు, వాటిని కలిపి మోసేది ట్రంక్ పోర్టు. సిస్కో ట్రంక్ పోర్టులో కొత్తగా వీలాన్ 30 కలపాలనుకోండి. అలౌడ్ వీలాన్ అన్న మాట తర్వాత 'యాడ్' అని కొట్టి 30 రాయాలి. ఆ 'యాడ్' వదిలేస్తే అంతకుముందున్న వీలాన్లన్నీ పోయి 30 ఒక్కటే మిగులుతుంది. మేనేజ్‌మెంట్ వీలాన్ కూడా పోయినవాటిలో ఉంటే మీ సెషన్ కూడా అక్కడితో సరి. ఎక్స్‌టెన్షన్ మాత్రం రెండు లైన్లకీ ఒకే రకం రంగు వేసి చూపిస్తుంది. రెండూ సరైన కమాండ్లే కదా మరి.

ఎడిటర్‌లోంచే లాగిన్ అయ్యేవి

చూడగానే మనసు లాగేవి ఇవే. ఎడమవైపు పరికరాల జాబితా ఉంటుంది. కావలి ఓఎల్‌టీ మీద క్లిక్ చేస్తే కిందే టెర్మినల్ తెరుచుకుంటుంది. పైన ఫైల్లో నాలుగు లైన్లు సెలెక్ట్ చేసి 'పంపు' అంటే అవి వెళ్లిపోతాయి. పుట్టీ అనే లాగిన్ ప్రోగ్రామ్‌లో విండో తర్వాత విండో తెరిచే బాధ ఉండదు. డెమో బ్రహ్మాండంగా ఉంటుంది.

కొనేముందు, అంటే ఉచితమే అనుకోండి, ఇన్‌స్టాల్ చేసేముందు పాస్‌వర్డ్ ఎక్కడ దాస్తుందో చూడండి. వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు రహస్యాలు దాచుకోవడానికి సీక్రెట్ స్టోరేజ్ అని ఒక ఏర్పాటుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఎన్‌క్రిప్షన్ వాడుకుంటుంది. దాన్ని వాడకుండా పరికరాల జాబితా, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అన్నీ కలిపి సెట్టింగ్స్ ఫైల్లో మామూలు అక్షరాల్లో రాసుకోమనే ఎక్స్‌టెన్షన్ కనబడితే అక్కడే ఆపెయ్యండి. సెట్టింగ్స్ సింక్ ఆన్‌లో ఉంటే మామూలుగా ఆ ఫైలు మీ మైక్రోసాఫ్ట్ లేదా గిట్‌హబ్ అకౌంట్ ద్వారా క్లౌడ్‌కు కూడా వెళ్తుంది. ఊరంతటికీ నెట్ ఇచ్చే కోర్ రౌటర్ పాస్‌వర్డ్‌కు ఆ ప్రయాణం అవసరమా?

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లకు మొబైల్ యాప్‌లకు ఉన్నట్టు విడివిడి పర్మిషన్లు ఉండవు. ఎడిటర్‌కు ఏ ఫైలు అందుబాటులో ఉంటే ఎక్స్‌టెన్షన్‌కూ అది అందుబాటులో ఉంటుంది. సరదాగా వేసుకున్న థీమ్ ఎక్స్‌టెన్షన్ కూడా, కోడ్ నడిపే రకం అయితే, మీ కాన్ఫిగ్ ఫోల్డర్‌ను చదవగలదు. పబ్లిషర్ పేరు పక్కన కనిపించే నీలం టిక్కు ఆ వెబ్ డొమైన్ వాళ్లదేనని రుజువైందని మాత్రమే చెప్తుంది. లోపలి కోడ్‌ను ఎవరో లైన్ లైన్‌గా చూసి ఓకే చేశారని కాదు. అందుకే నెట్‌వర్క్ పనికి వీఎస్ కోడ్‌లో వేరే ప్రొఫైల్ పెట్టుకుని, దాంట్లో రెండు మూడు ఎక్స్‌టెన్షన్లకు మించి ఉంచకండి. ఏఐ అసిస్టెంట్ ఉంటే ఆ ప్రొఫైల్‌లో ఆపెయ్యండి, కాన్ఫిగ్‌లోని ముక్కలు బయటి సర్వర్‌కు పోకుండా.

తర్వాత చూడాల్సింది లైన్లు ఎలా పంపుతుందన్నది. ప్రాంప్ట్ తిరిగి వచ్చేదాకా ఆగి తర్వాతి లైన్ పంపేది ఒక రకం. ఆగకుండా మొత్తం ఒక్కసారే గుమ్మరించేది ఇంకో రకం. కన్సోల్ కేబుల్ మీద 9600 స్పీడుకు సెకనుకు సుమారు 960 అక్షరాలే వెళ్తాయి. వేగంగా పేస్ట్ చేస్తే పాత స్విచ్ కొన్ని అక్షరాలను మింగేస్తుంది. ఇంటర్‌ఫేస్ పేరున్న లైన్ మింగిందంటే, దాని కింది కమాండ్లన్నీ అంతకుముందు తెరిచి ఉన్న ఇంటర్‌ఫేస్‌లో పడతాయి. అలాగే, ఒక లైన్‌కు స్విచ్ ఎర్రర్ చెప్తే ఎక్స్‌టెన్షన్ ఆగుతుందా, పట్టించుకోకుండా సాగిపోతుందా? పక్కన పడి ఉన్న స్విచ్ మీద కావాలనే ఒక తప్పు లైన్ కలిపి పంపి చూడండి, తెలిసిపోతుంది.

వరస కూడా ముఖ్యమే. సిస్కోలో ఇంకా రాయని యాక్సెస్ లిస్టును (ఎవరిని వెళ్లనివ్వాలో చెప్పే జాబితాను) ముందే ఇంటర్‌ఫేస్‌కు తగిలించారనుకోండి. లిస్టు ఖాళీగా ఉన్నంతసేపు అంతా వెళ్తుంది. మొదటి పర్మిట్ లైన్ పడగానే మిగతావాళ్లందరికీ డినై మొదలవుతుంది. మీ ఐపీకి పర్మిట్ ఇచ్చే లైన్ ఐదోదైతే, అది చేరేలోపే సెషన్ పోతుంది.

ఇలాంటప్పుడు కాపాడే ఏర్పాట్లు పరికరాల్లోనే ఉన్నాయి. జూనిపర్‌లో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' అంటే, 10 నిమిషాల్లో మీరు మళ్లీ ఖాయం చేయకపోతే పాత కాన్ఫిగ్ దానంతటదే తిరిగి వస్తుంది. సిస్కోలో పని మొదలుపెట్టేముందు 10 నిమిషాల తర్వాత రీలోడ్ అయ్యేలా చెప్పి, సేవ్ చేయకుండా మార్పులు చేస్తారు. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ చేసి అప్పుడు సేవ్ చేస్తారు. మైక్రోటిక్‌లో కంట్రోల్ ఎక్స్ నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. సెషన్ తెగితే ఆ సెషన్‌లో చేసిన మార్పులు వెనక్కి పోతాయి, కాకపోతే టీసీపీ టైమౌట్ అయ్యేదాకా, అంటే 9 నిమిషాల దాకా, ఓపిక పట్టాలి. హిస్టరీలో 100 పనుల వరకే గుర్తుంటాయి. అవి దాటితే సేఫ్ మోడ్ దానంతటదే తప్పుకుంటుంది, ఏదీ వెనక్కి పోదు. పెద్ద ఫైర్‌వాల్ జాబితాను ఒక్కసారే తోసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడే ఈ రకం ఎక్స్‌టెన్షన్లతో చిక్కు. సేఫ్ మోడ్ ఆ ఒక్క సెషన్‌కు కట్టుబడి ఉంటుంది. ఒక్కో కమాండ్‌కు కొత్త సెషన్ తెరిచి పంపే ఎక్స్‌టెన్షన్‌కు దాంతో ఉపయోగం లేదు. మీరు చూస్తున్న ఎక్స్‌టెన్షన్ ఒకే టెర్మినల్‌ను తెరిచి ఉంచి, అందులో మీరు చేత్తో కొట్టడానికి వీలిచ్చి, ఆ టెర్మినల్‌లోకే లైన్లు పంపుతుందా? అలా అయితే వాడుకోవచ్చు. లేకపోతే మెట్లు దిగితే చేరుకునే స్విచ్‌లకే దాన్ని పరిమితం చెయ్యండి.

పాత సరుకు గురించి ఒక మాట. ఎస్‌ఎస్‌హెచ్ అంటే ఎన్‌క్రిప్షన్‌తో దూరంనుంచి లాగిన్ అయ్యే పద్ధతి. 2021లో వచ్చిన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి పాత షా-1 సంతకాల రకం డిఫాల్ట్‌గా ఆగిపోయింది. దాంతో పాత స్విచ్‌లకు లాగిన్ కావాలంటే ఆ పరికరం వరకు మినహాయింపు రాసుకోవాలి. ఎక్స్‌టెన్షన్ మీ కంప్యూటర్‌లోని ఎస్‌ఎస్‌హెచ్‌నే వాడుకుంటే ఆ మినహాయింపు దానికీ వర్తిస్తుంది. సొంత లైబ్రరీ వాడితే దాని సెట్టింగుల్లో వెతుక్కోవాలి. ఎన్‌క్రిప్షన్ లేని టెల్‌నెట్ మాత్రమే తెలిసిన పాత ఓఎల్‌టీలు ఇంకా నడుస్తున్నాయి. టెల్‌నెట్ రాని ఎక్స్‌టెన్షన్ వాటి దగ్గర దండగ.

రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్, మధ్యలో ఒక లినక్స్ పెట్టె

మైక్రోసాఫ్ట్ వాళ్ల రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ పేరు చూసి, దాంతో నేరుగా రౌటర్‌కు కనెక్ట్ కావచ్చనుకుంటారు. కాదు. అది అవతలి మెషిన్‌లో వీఎస్ కోడ్ సర్వర్‌ను దించి నడుపుతుంది. దానికి లినక్స్ లాంటి మామూలు ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి, లినక్స్ అయితే 2024 మొదట్లో వచ్చిన 1.86 వెర్షన్ నుంచి జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.28 అయినా ఉండాలి, కనీసం 1 జీబీ ర్యామ్ ఉండాలి, 2 జీబీ ఉంటే మంచిది. స్విచ్‌లో, ఓఎల్‌టీలో ఇవి ఉండవు. అందుకని కనెక్ట్ కావాల్సింది రౌటర్‌కు కాదు, రౌటర్ల పక్కన పెట్టుకున్న లినక్స్ కంప్యూటర్‌కు.

పది పరికరాలు దాటిన ఎవరికైనా నేను చెప్పేది ఇదే. మూలన పడేసిన డెస్క్‌టాప్ ఒకటి తీసి ఉబుంటు వేసి, హెడ్‌ఎండ్ రూంలో (ప్రధాన పరికరాలుండే గదిలో) యూపీఎస్ మీద పెట్టండి. ఆ తర్వాత ఏ పరికరమైనా మేనేజ్‌మెంట్ లాగిన్‌ను ఆ పెట్టె ఐపీ నుంచే ఒప్పుకునేలా ఫైర్‌వాల్ పెట్టండి. 2018లో బయటపడ్డ విన్‌బాక్స్ (మైక్రోటిక్ సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్) లోపంతో, 8291 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న మైక్రోటిక్‌ల నుంచి యూజర్ పాస్‌వర్డ్‌లే బయటికి లాగగలిగారు. బయటికి తెరిచి ఉన్న మేనేజ్‌మెంట్ పోర్టు అంటే భయపడాల్సిందే.

ఈ ఏర్పాటులో మీ ల్యాప్‌టాప్ ఎక్కడున్నా ఒకటే. కీలు, పాస్‌వర్డ్‌లు పెట్టెలో ఉంటాయి. ల్యాప్‌టాప్ బస్సులో పోయినా నెట్‌వర్క్ పోదు. ఇంకో లాభం వానాకాలంలో తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని మార్పు పంపుతుంటే మీ ఇంటి కరెంటే పోయిందనుకోండి. పెట్టెలో టీమక్స్ (కనెక్షన్ తెగినా నడుస్తూ ఉండే టెర్మినల్) లోపల మొదలుపెట్టిన పని ఆగకుండా పూర్తవుతుంది. సగం వెళ్లిన కాన్ఫిగ్‌తో రాత్రంతా టెన్షన్ పడక్కర్లేదు.

అసలు విలువ మాత్రం ఆ పెట్టెలో ఆక్సిడైజ్డ్ అనే ఉచిత ప్రోగ్రామ్ కూడా పెడితే వస్తుంది. అది డిఫాల్ట్‌గా గంటకోసారి ప్రతి పరికరం నుంచి కాన్ఫిగ్ తెచ్చుకుంటుంది. దాన్ని గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రామ్‌లో) దాచేలా పెట్టుకుంటే, ఆ ఫోల్డర్‌ను వీఎస్ కోడ్‌లో తెరిస్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో కనిపిస్తుంది. ఆఫీసులో ముగ్గురున్నప్పుడు ముగ్గురూ వీఎస్ కోడ్ వాడరు. ఇద్దరు విన్‌బాక్స్ వదలరు. వదలమని గొడవపడక్కర్లేదు కూడా, ఎవరు ఏ దారిన మార్చినా ఆక్సిడైజ్డ్ పట్టుకుంటుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఎవరేం చేశారో ఏమో" అన్న వాదన రాదు. పరికరాన్ని మార్చే ఎక్స్‌టెన్షన్ కంటే మార్పును చూపించే ఈ ఏర్పాటే ముందు కావాలి.

ఇందులో రెండు జాగ్రత్తలు. రౌటర్ ఓఎస్ 7లో ఎక్స్‌పోర్ట్ కమాండ్ మామూలుగా పాస్‌వర్డ్‌లను దాచేస్తుంది. కాబట్టి చేత్తో అలా తీసుకున్న ఫైలు ఒక్కటే చూసుకుని కాలిపోయిన రౌటర్ స్థానంలో కొత్తది నిలబెట్టబోతే పీపీపీఓఈ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో నెట్‌కు కనెక్ట్ అయ్యే పద్ధతి) కస్టమర్ల పాస్‌వర్డ్‌లు ఉండవు. వాటికి వేరే బ్యాకప్ ఉండాలి. పాత వెర్షన్ 6లో దీనికి తలకిందులు, అన్నీ బయటికే రాస్తుంది. సిస్కోలో టైప్ 7 పాస్‌వర్డ్‌లను క్షణంలో విప్పేయొచ్చు. అందుకని ఈ గిట్ ఫోల్డర్ ఆ పెట్టెలోనే ఉండాలి, పబ్లిక్ గిట్‌హబ్‌లోకి ఎప్పుడూ వెళ్లకూడదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు లాగ్‌లను 180 రోజులు ఉంచాలి కాబట్టి, హార్డ్ డిస్క్ కాస్త పెద్దది వేస్తే పరికరాల సిస్‌లాగ్ కూడా అక్కడికే పంపుకోవచ్చు.

వీఎస్‌కోడియం (వీఎస్ కోడ్ ఓపెన్ సోర్స్ రూపం) వాడేవాళ్లు గమనించాలి: మైక్రోసాఫ్ట్ లైసెన్సు ప్రకారం రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ వాళ్ల సొంత వీఎస్ కోడ్‌కే చెల్లుతుంది.

యాన్సిబుల్ ఎక్స్‌టెన్షన్

యాన్సిబుల్ అంటే చాలా పరికరాలకు ఒకే మార్పును పంపే ప్రోగ్రామ్. ఈ ఎక్స్‌టెన్షన్ రెడ్ హ్యాట్ వాళ్లది. పరికరాలతో ఇది నేరుగా మాట్లాడదు. యాన్సిబుల్ ప్లేబుక్ (చేయాల్సిన పనుల జాబితా, యామ్ల్ అనే ఫార్మాట్‌లో ఉంటుంది) రాయడంలో సాయం చేస్తుంది: మాడ్యూల్ పేర్లు అందిస్తుంది, తప్పులు చూపిస్తుంది, యామ్ల్‌లో ఖాళీలు తప్పితే గోల చేస్తుంది. కాలేజీలాంటి చోట్ల, ఒకే రకం స్విచ్‌లు బ్లాకుకు రెండు చొప్పున ఉండి, అన్నిటికీ ఒకే ఎన్‌టీపీ (గడియారం సరిచేసే) సర్వర్, ఒకే బ్యానర్, ఒకే వీలాన్ల జాబితా ఉండాల్సినప్పుడు దీన్ని మించింది లేదు. పంపకముందే చెక్ మోడ్‌లో, డిఫ్ ఆన్ చేసి నడిపితే ఏం మారబోతోందో చూపిస్తుంది. సీరియల్ 1 అని పెడితే ఒక్కో స్విచ్ చొప్పున వెళ్తుంది, మొదటిది తేడా కొడితే మిగతావి బతుకుతాయి. పాస్‌వర్డ్‌లకు యాన్సిబుల్ వాల్ట్ ఉంది.

విండోస్‌లో యాన్సిబుల్ నేరుగా నడవదు, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లో లినక్స్ నడిపే ఏర్పాటు) కావాలి. పైన చెప్పిన లినక్స్ పెట్టె ఉంటే ఆ బాధే లేదు, రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్‌తో అందులోకి వెళ్లి అక్కడే ఎక్స్‌టెన్షన్ వేసుకోవచ్చు. చెక్ మోడ్ మీద గుడ్డి నమ్మకం కూడా పనికిరాదు. సిస్కో ఐఓఎస్ కాన్ఫిగ్ మాడ్యూల్ ఉన్న లైన్‌ను మళ్లీ పంపదు. మైక్రోటిక్ కమాండ్ మాడ్యూల్ మాత్రం మీరిచ్చింది ఇచ్చినట్టు పంపుతుంది, రెండోసారి నడిపితే రెండోసారీ పంపుతుంది.

తక్కువ ధర ఈపాన్ (ఒక ఫైబర్ టెక్నాలజీ) ఓఎల్‌టీలు, రకానికొకటి ఉన్న కేబుల్ ఆపరేటర్‌కు యాన్సిబుల్ బరువెక్కువ. పైథాన్ కొంచెం వచ్చినవాళ్లు ఉంటే నెట్‌మికో అనే పైథాన్ లైబ్రరీ చాలు. మైక్రోటిక్, హువావే ఓఎల్‌టీ, సిస్కో టెల్‌నెట్ లాంటివాటికి అందులో విడివిడి రకాలున్నాయి. ప్రాంప్ట్ వచ్చేదాకా ఆగడం కూడా దానికి తెలుసు. వీఎస్ కోడ్‌లో పైథాన్ ఎక్స్‌టెన్షన్ ఒక్కటి వేసుకుంటే సరిపోతుంది.

కంపెనీల సొంత ఎక్స్‌టెన్షన్లు, ల్యాబ్ కోసం వచ్చినవి

ఎఫ్5 లోడ్ బ్యాలెన్సర్లకు ఎఫ్5 ఎక్స్‌టెన్షన్ ఉంది, మన జిల్లాల్లో దాంతో పని పడేది తక్కువమందికే. నేర్చుకునేవాళ్లకు కంటెయినర్‌ల్యాబ్ ఎక్స్‌టెన్షన్ బాగుంటుంది: నోకియా ఎస్ఆర్ లినక్స్ ఉచితంగా దొరుకుతుంది, నాలుగు రౌటర్ల టోపాలజీని ల్యాప్‌టాప్‌లోనే గీసి నడపొచ్చు. సీసీఎన్ఏ పరీక్షకు చదివే పిల్లలు మాత్రం దీని వెంట పడకండి. సిస్కో ఇమేజ్‌లకు లైసెన్సు కావాలి, మీకు ప్యాకెట్ ట్రేసర్ చాలు.

ఎక్స్‌టెన్షనే అక్కర్లేనివాళ్లు

ఒక మైక్రోటిక్, రెండు స్విచ్‌లు, ఏడాదికి నాలుగు మార్పులు. సింగరాయకొండ దగ్గర ఐస్ ప్లాంటో, చీమకుర్తిలో పాలిషింగ్ యూనిట్టో ఇలాగే ఉంటుంది. వీళ్లు వీఎస్ కోడ్ జోలికి వెళ్లనక్కర్లేదు. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పక్కన అది నడిస్తే రెండూ నత్తనడకే. విన్‌బాక్స్ చాలు. ఐపీ అడ్రస్ చెడగొట్టుకున్నా, అదే లాన్‌లో ఉంటే మ్యాక్ అడ్రస్‌తో (పరికరానికి తయారీలోనే ఇచ్చే నంబరుతో) రౌటర్‌లోకి వెళ్లగలదు. ఎస్‌ఎస్‌హెచ్ మీద ఆధారపడే ఏ ఎక్స్‌టెన్షనూ ఆ పని చెయ్యలేదు. అందుకే పెద్ద నెట్‌వర్క్ వాళ్లు కూడా దాన్ని తీసెయ్యకూడదు. కొత్త వెర్షన్ 4 లినక్స్‌లోనూ యాపిల్ మ్యాక్‌లోనూ నేరుగా నడుస్తుంది.

సిస్కో స్విచ్ ఉన్నవాళ్లు పుట్టీతో పాటు ఒక యూఎస్‌బీ కన్సోల్ కేబుల్ కొని ర్యాక్‌కే కట్టేసి ఉంచండి. మార్పు చేసే రోజున కాన్ఫిగ్‌ను తేదీ వేసి ఒక ఫైల్లో దాచుకోండి, ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఆ ఫైళ్లు పెరిగి, ఏది ఏదో తెలియని రోజు వస్తే అప్పుడు గిట్, వీఎస్ కోడ్ సంగతి చూసుకోవచ్చు.